చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌లో భద్రత: ముందు ఏవి చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పెద్దల జట్లు రెండు, పిల్లల జట్లు మూడు ఉన్న అమెచ్యూర్ క్లబ్. జీతం తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. భద్రత బాధ్యత మీకు అప్పగించారు. మీరు నలభై ప్రమాదాలతో పట్టిక వేసి, ఒక్కోదానికి జరిగే అవకాశం ఎంత, తీవ్రత ఎంత అని ఐదుకి మార్కులు వేసి గుణించారు. చీలమండ బెణకడం, తొడ కండరం పట్టేయడం పైకి వచ్చాయి, గోల్‌పోస్టు పడిపోవడం అడుక్కి పోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఉన్న కొద్ది డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అని అడిగారు.

పట్టిక వేయడం మంచి పనే. తేడా వచ్చింది ఆ గుణకారం దగ్గర. బెణుకు జరిగే అవకాశం 5, తీవ్రత 2, మొత్తం 10. పోస్టు పిల్లవాడి మీద పడే అవకాశం 1, తీవ్రత 5, మొత్తం 5. అంటే బెణుకు దానికి రెట్టింపు ముఖ్యమని లెక్క చెబుతోంది. కాలు బెణికినవాడు కొన్ని వారాల్లో మళ్లీ బూట్లు కట్టుకుంటాడు. పోస్టు కింద పడ్డ పిల్లవాడు రాడు. ఈ రెంటినీ ఒకే కొలతతో కొలవకూడదు. అందుకని పట్టికను రెండుగా చీల్చండి. ప్రాణం తీసేవి, జీవితాంతం వెంటాడేవి ఒక పక్క, తక్కినవన్నీ ఇంకో పక్క. మొదటి పక్కన ఉన్నవాటికి ‘అవకాశం’ మార్కులు వేయొద్దు. ప్రతిదానికీ ఏర్పాటు ఉందా లేదా, అంతే చూడండి.

ఫుట్‌బాల్‌లో ఆ మొదటి పక్కకు వచ్చేవి ఎక్కువ లేవు. కదిలించగలిగే గోల్‌పోస్టులు, మైదానంలో గుండె ఆగడం, తలకు దెబ్బ, ఎండ, పిడుగు, పిల్లలపై వేధింపులు. వీటిలో చాలావాటికి డబ్బు కన్నా పద్ధతి ముఖ్యం. చిన్న క్లబ్‌లకు ఇది ధైర్యం ఇచ్చే విషయం.

గోల్‌పోస్టులతో మొదలుపెట్టండి. ఈ వారమే, మిగతావన్నీ పక్కన పెట్టి. పెద్దల గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. లోహంతో చేసిన కదిలే పోస్టులో బరువు ఎక్కువగా ముందున్న రెండు స్తంభాల మీద, వాటిని పైన కలిపే క్రాస్‌బార్ మీద ఉంటుంది, వెనక చట్రం తేలిక. కాబట్టి ఒక పిల్లవాడు క్రాస్‌బార్ పట్టుకుని వేలాడితే చాలు, మొత్తం ముందుకు, వాడి మీదికే ఒరగవచ్చు. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 1995లో ఈ పోస్టుల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. 1979 నుంచి అప్పటిదాకా అక్కడ కనీసం 21 మంది వీటి కింద పడి చనిపోయారని అందులో ఉంది. ఆ పోస్టుల్లో దాదాపు అన్నీ కంపెనీవి కావు, స్కూలు వర్క్‌షాపుల్లోనో దగ్గర్లోని వెల్డర్ దగ్గరో చేయించినవి. మీ క్లబ్‌లో అలాంటివి ఉంటే ముందు వాటినే చూడండి.

ఆట నియమావళిలో మొదటి నియమమే గోల్‌పోస్టును నేలకు గట్టిగా బిగించాలంటుంది. కదిలే పోస్టు వాడాలన్నా ఆ షరతు తప్పదు. మట్టి నేలయితే వెనక బార్‌ను, పక్క బార్లను నేలలోకి మర తిప్పి దింపే యాంకర్లతో కట్టాలి. మేకులు కొట్టి వదిలేస్తే వాన పడ్డాక వాటి పట్టు పోతుంది. కృత్రిమ గడ్డి మీద తవ్వలేం కాబట్టి వెనక బార్ మీద దానికోసమే చేసిన బరువులు ఉండాలి. చేతికి దొరికిన రెండు ఇసుక సంచులు పడేసి అయిపోయిందనుకోవద్దు. బిగించాక పరీక్షించండి. క్రాస్‌బార్ మధ్యలో పొడవాటి తాడు వేసి, పోస్టు ఒరిగినా అందనంత దూరం నుంచి ఇద్దరు పెద్దవాళ్లు ముందుకు లాగాలి. దగ్గర్లో పిల్లలు ఉండకూడదు. వెనక బార్ ఏమాత్రం నేల వదిలి లేచినా ఆ పోస్టుతో ఆట లేదు.

మ్యాచ్ లేని సమయాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. ప్రాక్టీస్ ముగిసి కోచ్ బంతులు సంచిలో వేసుకుంటుంటే, అమ్మానాన్నల కోసం ఎదురుచూసే పిల్లలు చేసే మొదటి పని పోస్టెక్కడం. ఆట అవగానే నెట్ విప్పి, పోస్టులను ఎదురెదురుగా పెట్టి గొలుసుతో కలిపి తాళం వేయండి, లేదా ముందు వైపు నేలకు ఆనేట్టు బోర్లా పడుకోబెట్టండి. పోస్టు జరిపే పని పిల్లలకు ఎప్పుడూ చెప్పొద్దు.

పోస్టుల దగ్గర ఉన్నప్పుడే ఇంకోటి చూడండి. నెట్ తగిలించడానికి పాత పోస్టులకు ఇనుప కొక్కేలు ఉంటాయి. ఉంగరం పెట్టుకున్న గోల్‌కీపర్ ఎగిరి దిగేటప్పుడు ఆ ఉంగరం కొక్కేనికి తగులుకుంటే ఒంటి బరువంతా ఆ వేలి మీద పడుతుంది, చర్మం మొత్తం ఊడివస్తుంది. కొక్కేలు తీయించి ప్లాస్టిక్ క్లిప్పులు వేయించండి. ఉంగరాలు, గొలుసులు, చెవిపోగులు మైదానంలోకి రాకూడదు. టేపు చుట్టి ఆడతామంటే ఒప్పుకోవద్దు, నాలుగో నియమం దాన్ని సూటిగా కాదంటుంది. మోకాలి కింద ఎముకను కాపాడే షిన్‌గార్డులు తప్పనిసరి అని చెప్పేదీ ఆ నియమమే.

ఇక గుండె. 2003 జూన్ 26న లియోన్‌లో కొలంబియాతో కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్ ఆడుతూ కామెరూన్ ఆటగాడు మార్క్ వివియెన్ ఫో మైదానంలో కుప్పకూలి చనిపోయాడు. 28 ఏళ్లు. 2012లో లండన్‌లో మ్యాచ్ మధ్యలో పడిపోయిన ఆటగాడు ఫాబ్రిస్ ముయాంబా గుండె 78 నిమిషాలు సొంతంగా కొట్టుకోలేదు, అయినా బతికాడు. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మ్యాచ్ ఆడుతూ పడిపోయాడు. వెంటనే సీపీఆర్ చేసి, అంటే ఛాతీని ఆగకుండా నొక్కి, గుండెకు కరెంటు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ వాడారు. ఆ తర్వాతి ఏడాదే అతను మళ్లీ ఆడాడు. బతికిన ఇద్దరి విషయంలోనూ పక్కనున్నవాళ్లు ఆలస్యం చేయలేదు. గుండె ఆగాక ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం పడిపోతుంది. అంబులెన్స్ పది నిమిషాల్లో వచ్చినా, ఆ పది నిమిషాలూ మీ చేతుల్లోనే ఉన్నట్టు.

మీరు అడిగిన డబ్బు ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. పోస్టులు బిగించాక మిగిలిన మొదటి డబ్బుతో ఏఈడీ, అంటే ఆటోమేటిక్ డీఫిబ్రిలేటర్ కొనండి. కొనలేకపోతే మైదానానికి దగ్గర్లో ఎక్కడుందో వెతికి, మీరు ఆడే సాయంత్రం వేళ, సెలవు రోజున ఆ తలుపు తెరిచి ఉంటుందో లేదో స్వయంగా వెళ్లి చూడండి. సొంతంగా ఉంటే ఆఫీసు గదిలో పెట్టి తాళం వేయకండి, ప్రతి మ్యాచ్‌కీ టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గరికి రావాలి. పెట్టెలో కత్తెర, తువ్వాలు ఉండాలి. జెర్సీ కోసి, తడి ఛాతీ తుడిచాకే ప్యాడ్లు సరిగ్గా అంటుకుంటాయి. బ్యాటరీకీ ప్యాడ్లకూ గడువు తేదీలు ఉంటాయి, అవి ఎవరు చూస్తారో పేరు రాసి పెట్టండి.

యంత్రం కొన్నంత మాత్రాన పని అయిపోదు. నేను చూసిన ఒక క్లబ్‌లో అన్నీ ఉన్నాయి. ఏఈడీ ఉంది, శిక్షణ పొందినవాళ్లు ముగ్గురున్నారు. ఒక సాయంత్రం రిహార్సల్ చేశాం. ఒకతను పడిపోయినట్టు నటించాడు, ఒకరు ఛాతీ నొక్కే పనికి దిగారు, ఒకరు ఏఈడీ తెచ్చారు. అంతా చక్కగా సాగుతుంటే, అంబులెన్స్ వచ్చే పాత్రలో ఉన్నవాళ్లు గేటు బయటే ఆగిపోయారు. వాహనాలు వచ్చే పెద్ద గేటుకు తాళం, ఆ తాళంచెవి గ్రౌండ్ చూసుకునే ఆయన జేబులో, ఆయన ఇంటికి వెళ్లిపోయాడు. పట్టికలో ఏ గడిలోనూ ఆ గేటు లేదు. రిహార్సల్ చేస్తేనే ఇలాంటివి బయటపడతాయి. సీజన్‌కు రెండుసార్లు, ముందుగా చెప్పకుండా చేయండి. ఛాతీ ఎవరు నొక్కాలి, ఏఈడీకి ఎవరు పరిగెత్తాలి, ఫోన్ ఎవరు చేయాలి, గేటు దగ్గర ఎవరు నిలబడి దారి చూపాలి అన్నది ప్రతి మ్యాచ్‌కీ ముందే తేల్చుకోవాలి. ఫోన్ చేసేవాళ్లు చదివి చెప్పడానికి మైదానం అడ్రసు, ఏ గేటులోంచి రావాలో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. కంగారులో సొంత అడ్రసు కూడా గుర్తురాదు.

గుర్తుపట్టడం గురించి ఒక మాట. ఎవరూ తగలకుండా, బంతి దగ్గర లేకుండా ఒక ఆటగాడు ఉన్నట్టుండి పడిపోయి, పిలిస్తే పలకకపోతే, కాదని తేలేదాకా గుండె ఆగిందనే అనుకోండి. కాసేపు చేతులు కాళ్లు కొట్టుకోవచ్చు, చూసినవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. మధ్యమధ్యలో నోరు తెరిచి గురకలాంటి శ్వాస తీయవచ్చు, ఊపిరి ఆడుతోంది కదా అని ఆగిపోతారు. అది మామూలు శ్వాస కాదు. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కడం మొదలుపెట్టండి. బంతి బలంగా ఛాతీకి తగిలి గుండె ఆగిన సందర్భాలూ ఉన్నాయి, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో. అక్కడా చేయాల్సింది ఇదే.

సీజన్ మొదట్లో అందరినీ నాలుగు ప్రశ్నలు అడగండి: ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పారా, శ్రమ పడితే ఛాతీ నొప్పి వస్తుందా, గుండె మామూలుగా కాక అదిరినట్టు అనిపిస్తుందా, దగ్గరి బంధువుల్లో 50 ఏళ్లలోపే హఠాత్తుగా ఎవరైనా చనిపోయారా. ఒక్కదానికి అవునన్నా డాక్టర్‌ని కలిసి వచ్చాకే ఆట. జ్వరంతో ఎవరినీ ఆడనివ్వొద్దు, వైరస్ గుండె కండరాన్ని పట్టిన సమయంలో గట్టిగా పరిగెత్తడం ప్రమాదం. 35 దాటినవాళ్లలో ఎక్కువగా చూసేది రక్తనాళాల జబ్బు. ఏళ్ల తరబడి ఆటకు దూరంగా ఉండి తిరిగి వచ్చే వెటరన్ల మీద ఒక కన్ను వేసి ఉంచండి.

తల దెబ్బ విషయంలో జ్ఞానానికి కొరత లేదు, ఒత్తిడే అడ్డు. అనుమానం వస్తే బయటికి, ఆ రోజు మళ్లీ లోపలికి రాకూడదు. ఇది అందరికీ తెలుసు. కానీ ఐదు నిమిషాల ఆట మిగిలి, స్కోరు సమానంగా ఉండి, పడ్డవాడే ‘నాకేం కాలేదు’ అంటుంటే ఎవరు కాదంటారు? అందుకే ఆ నిర్ణయం గెలుపు కావాల్సిన కోచ్ చేతిలోనూ, దెబ్బ తగిలిన ఆటగాడి చేతిలోనూ పెట్టకూడదు. స్పృహ తప్పితేనే మెదడు అదిరినట్టు అనే నమ్మకం తప్పు, చాలా కేసుల్లో స్పృహ తప్పదు. ఇది ఏ గ్రౌండ్, ఇప్పుడు ఏ హాఫ్ నడుస్తోంది, ఆఖరి గోల్ ఎవరు కొట్టారు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, అందులో గెలిచామా అని అడగండి. జవాబు తడబడితే ఇక ఆలోచించక్కర్లేదు, బయటికి తీసుకురండి. అన్నీ సరిగ్గా చెప్పాడని మాత్రం లోపలికి పంపకూడదు. చూపు మసకబారడం, నడక తూలడం, చిరాకు, కళ్లలో శూన్యంగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆట అయిపోయినట్టే.

వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, చేతిలోనో కాలిలోనో బలం తగ్గడం, మెడ నొప్పి ఉంటే అంబులెన్స్ పిలవండి. మెడ నొప్పి అన్నవాడిని లేపి కూర్చోబెట్టొద్దు, అక్కడే కదలకుండా ఉంచండి, ఆట ఎంతసేపు ఆగినా సరే. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఒంటరిగా ఇంటికి పంపకండి, బండి నడపనివ్వకండి. తిరిగి ఆటలోకి రావడానికి 2023లో బ్రిటన్‌లో అమెచ్యూర్ క్రీడలకు ఇచ్చిన మార్గదర్శకాలు చిన్న క్లబ్‌లకు బాగా సరిపోతాయి. మొదట 24 నుంచి 48 గంటలు విశ్రాంతి, ఆ తర్వాత మెల్లగా మామూలు పనులు, తల తగిలే అవకాశం ఉన్న ప్రాక్టీస్‌కు ముందు కనీసం 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా గడవాలి, 21 రోజులలోపు మ్యాచ్ లేదు. క్లబ్‌కు వైద్యుడు లేనప్పుడు ఇలాంటి గట్టి అంకె ఉండటం మేలు, బేరాలకు చోటుండదు. చిన్నపిల్లల చేత హెడింగ్, అంటే బంతిని తలతో కొట్టడం, ప్రాక్టీస్ చేయించకండి. 10 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకు అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లోనే హెడింగ్ వద్దంది, ఇంగ్లండ్ సంఘం 2020లో 11 ఏళ్లలోపువాళ్ల శిక్షణలోంచి తీసేసింది.

ఎండ విషయంలో అన్నిటికన్నా పనికొచ్చేది సమయం మార్చడం. మిట్టమధ్యాహ్నం మ్యాచ్ పెట్టి నీళ్ల విరామాలతో సర్దుకుందాం అనుకోవద్దు. కొత్తగా వేడిమి పెరిగినప్పుడు, సెలవుల తర్వాత మొదటిసారి దిగినప్పుడు ఒంటికి అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా ప్రాక్టీస్ తగ్గించండి. కృత్రిమ గడ్డి గాలికన్నా బాగా ఎక్కువ వేడెక్కుతుంది. వడదెబ్బ తగిలినవాడు మొదట మాట తడబడతాడు, పొంతన లేకుండా ప్రవర్తిస్తాడు. చెమట పోస్తూ ఉండవచ్చు, చెమట ఉంది కాబట్టి వడదెబ్బ కాదనుకోకండి. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేలోగా ఒళ్లంతా చల్లబరచండి. తొట్టిలో చల్లటి నీళ్లుంటే మెడదాకా అందులో ఉంచి తల పట్టుకోండి, లేకపోతే ఒళ్లంతా నీళ్లు గుమ్మరిస్తూ, తడిబట్టలు మార్చుతూ, విసురుతూ ఉండండి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం.

పిడుగుల విషయంలో జనం ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే ఆపుతారు. 2024 నవంబర్ 3న పెరూలోని చిల్కాలో ఒక స్థానిక మ్యాచ్‌ను రిఫరీ ఆపేశాడు, ఆటగాళ్లు బయటికి నడుస్తున్నారు, సరిగ్గా అప్పుడే పిడుగు పడి ఒక ఆటగాడు చనిపోయాడు. మైదానం మధ్య నుంచి పక్కా భవనంలోకి చేరడానికి పట్టే సమయం కూడా లెక్కలో ఉండాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు, అంతకన్నా తక్కువ ఉంటే అది 10 కిలోమీటర్ల లోపలే ఉంది, వెంటనే అందరూ లోపలికి వెళ్లాలి. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రావొద్దు. చెట్టు కింద, గోడలు లేని షెడ్డులో, రిజర్వు ఆటగాళ్ల బెంచీ దగ్గర నిలబడితే రక్షణ లేదు. భవనం లేకపోతే తలుపులు మూసిన కార్లలో కూర్చోబెట్టండి.

పిల్లలపై వేధింపుల సంగతి మీ పట్టికలో అసలు లేదు. మూడు పిల్లల జట్లున్న క్లబ్‌లో అది ఉండి తీరాలి. ఇంగ్లండ్‌లో 1970 నుంచి 2005 దాకా ఫుట్‌బాల్‌లో పిల్లలపై జరిగిన లైంగిక దాడుల మీద వేసిన స్వతంత్ర విచారణ నివేదిక 2021 మార్చిలో వచ్చింది. అనుమానాలు పెద్దల చెవిన పడ్డా సరైన చర్య తీసుకోని సందర్భాలు అందులో ఉన్నాయి. ఏ పెద్ద మనిషీ ఒక పిల్లవాడితో తలుపు మూసిన గదిలోనో కారులోనో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. పిల్లలకు కోచ్ విడిగా మెసేజులు పెట్టకూడదు, తల్లిదండ్రులున్న గ్రూపులోనే మాట్లాడాలి. ఫిర్యాదు తీసుకునే మనిషి కోచ్‌కు స్నేహితుడో బంధువో కాకూడదు, ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు ప్రతి పిల్లవాడికీ తెలియాలి. ఎవరైనా చెబితే వినండి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి, క్లబ్‌లోనే విచారణ పెట్టుకోకుండా పోలీసులకు, పిల్లల రక్షణ అధికారులకు అప్పగించండి. ‘ఆయన అలాంటివాడు కాదు’ అనే మాట ఎవరు అన్నా ఆ నిర్ణయం మారకూడదు.

వీటన్నిటికీ కలిపి ఒక అధికారం కావాలి, అదే ఆట ఆపే అధికారం. ప్రతి మ్యాచ్‌కీ కోచ్ కాని ఒక మనిషిని నియమించండి. పోస్టు కదులుతోందన్నా, ఉరుము వినిపించిందన్నా, తలకు తగిలినవాడు బయటికి రావాలన్నా, మీ జట్టు వరకు ఆ మాటే చివరిది. మ్యాచ్‌కు ముందు రిఫరీకీ అవతలి జట్టుకీ ఆ మనిషిని పరిచయం చేయండి. కమిటీ దీన్ని తీర్మానంగా రాసుకోవాలి, లేకపోతే మొదటి కీలక మ్యాచ్‌లోనే ఆ మాట చెల్లదు.

పట్టికలో రెండో పక్కన ఉన్నవాటికి ఇంత హడావుడి అక్కర్లేదు. కండరాలు, కీళ్ల గాయాలకు ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది, ప్రత్యేక పరికరాలు అక్కర్లేదు. నార్వేలో టీనేజి అమ్మాయిల జట్లపై చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో, అది చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. క్రమం తప్పకుండా చేస్తేనే ఫలితం. మ్యాచ్‌కు ముందు ఇద్దరు మైదానమంతా నడిచి గుంతలు, రాళ్లు, గాజు పెంకులు, పైకి లేచిన స్ప్రింక్లర్ మూతలు చూడాలి. గీతకు దగ్గర్లో గోడో స్తంభమో ఉంటే మెత్త కట్టాలి, లేదా గీతే లోపలికి జరపాలి.

కాగితాల విషయానికొస్తే, మీరు వేసిన ఆ నలభై వరసల్లో ప్రతిదాని పక్కన మార్కులు తీసేసి మూడు గడులు పెట్టండి: ఏం చేయాలి, ఎవరు చేస్తారు, చివరిసారి ఎప్పుడు చూశారు. ‘క్లబ్ బాధ్యత’ అని రాసిన గడి ఖాళీ గడితో సమానం, మనిషి పేరు ఉండాలి. గాయాల పుస్తకంలో జరిగినవాటితో పాటు తృటిలో తప్పినవి కూడా రాయించండి: పోస్టు ఊగింది కానీ పడలేదు, ఏఈడీ బ్యాటరీ లైటు ఎర్రగా ఉంది, ఉరుము వినపడ్డా పది నిమిషాలు ఆడాం. నెలకోసారి కమిటీలో ముందు ఆ పుస్తకం తెరవండి. సొంత పూచీమీద ఆడుతున్నామని ఆటగాళ్ల చేత సంతకం చేయించే కాగితం సరిపోతుందా అని కూడా అడిగారు. చాలా దేశాల్లో అది క్లబ్ నిర్లక్ష్యాన్ని పూర్తిగా కప్పిపుచ్చదు. మీ దగ్గరి చట్టం ఏమంటుందో లాయరును అడగండి, బీమా పాలసీలో పిల్లల జట్లు, ప్రాక్టీస్ రోజులు, స్వచ్ఛంద కార్యకర్తలు కూడా కవర్ అవుతున్నారేమో చదివి చూడండి. ఈలోపు యాంకర్లు తెప్పించండి, అవి వచ్చేదాకా ఆ కదిలే పోస్టులను పడుకోబెట్టి తాళం వేయండి.